పాత ఆర్గన్‌ను ఏ సంవత్సరానికి తీసుకెళ్లాలి?

జర్మనీలోని హాంబుర్గ్ నగరంలో, సెయింట్ జాకోబి చర్చిలో ఒక పైప్ ఆర్గన్, అంటే గొట్టాల్లోకి గాలి పంపి మీటలతో పలికించే వాద్యం, ఉంది. ఆర్ప్ ష్నిట్గర్ అనే చేయితిరిగిన పనివాడు 1693లో దాన్ని పూర్తిచేశాడు. 60 స్టాపులు (ఒక్కో రకం గొట్టాల వరుసను పలికేలా చేసే పిడులు), దాదాపు 4000 గొట్టాలు. మొదటి ప్రపంచయుద్ధం జరుగుతుండగా, 1917లో, ముందు వరుసలో మెరుస్తూ నిలబడిన తగరపు గొట్టాలను ఊడదీసి యుద్ధ అవసరాలకు కరిగించేశారు. రెండో యుద్ధం వచ్చేసరికి మిగిలిన గొట్టాలనూ, వాటికి గాలి పంచే గాలిపెట్టెలనూ ముందుజాగ్రత్తగా విప్పి దాచారు. 1944లో బాంబుదాడిలో చర్చి తగలబడింది. బయటి చెక్క కట్టడం కాలిపోయింది, వాయించే మీటల బల్ల కాలిపోయింది, దాచినవి మాత్రం బతికాయి. యుద్ధం ముగిశాక వాటిని ఒకసారి తిరిగి బిగించారు. తర్వాత యుర్గెన్ ఆరెండ్ అనే ఆర్గన్ పనివాడు ఆ పనిని మళ్లీ మొదటినుంచీ చేపట్టి, 1993లో, ఆర్గన్‌కు సరిగ్గా మూడువందల ఏళ్లు నిండిన వేళ పూర్తిచేశాడు.

ఇవాళ ఆ చర్చిలో కూర్చుని వింటున్నవాళ్లు ఎవరి ఆర్గన్ వింటున్నట్టు? ముందు వరుస గొట్టాలు కొత్తవి. చెక్క కట్టడం కొత్తది. పైగా ష్నిట్గర్ కూడా అన్నీ కొత్తగా చేయలేదు. అంతకుముందు అక్కడున్న ఆర్గన్ నుంచి, తనకంటే ముందుతరాల పనివాళ్లు చేసిన గొట్టాలను మంచివని తోచినంతవరకు తీసుకుని తనదాంట్లో కలుపుకున్నాడు. అంటే 1693 నాటి 'అసలు' ఆర్గన్‌లోనే అప్పటికి పాతబడిన వస్తువులు ఉన్నాయి.

పైప్ ఆర్గన్ బాగుచేయడం అనగానే చిరిగిన తోలు మార్చడం, పగిలిన చెక్క అతకడం గుర్తొస్తాయి. అవి కష్టమైన పనులే, కానీ ఓపికతో తెగే పనులు. ఏది దెబ్బ, ఏది చరిత్ర అని తేల్చుకోవడం దగ్గరే అసలు చిక్కంతా ఉంది. ఆ చిక్కు అర్థం కావాలంటే ముందు ఈ వాద్యం ఎలా పలుకుతుందో చూడాలి.

ఒక్క గొట్టంతో మొదలుపెడదాం. వేణువు పలికే పద్ధతే ఇక్కడా. గొట్టం అడుగున సన్నని పాదం ఉంటుంది. అందులోంచి పైకి వచ్చే గాలికి ఒక అడ్డపలక ఎదురవుతుంది. ఆ పలకకూ గొట్టం కింది పెదవికీ మధ్య వెంట్రుకవాసి సందు. గాలి ఆ సందులోంచి పలచని రేకులా బయటికి వచ్చి పై పెదవి అంచును తాకుతుంది. తాకి, గొట్టం లోపలికీ బయటికీ ఊగడం మొదలుపెడుతుంది. ఆ ఊపు లోపలి గాలిస్తంభాన్ని కదిలిస్తుంది, గాలిస్తంభం పొడవు ఆ ఊపును తన లయలోకి తెచ్చుకుంటుంది. అదే స్వరం. గొట్టం పొడవు స్థాయిని నిర్ణయిస్తుంది: ఎనిమిది అడుగుల తెరిచిన గొట్టం సెకనుకు సుమారు 65 సార్లు కంపిస్తుంది, పదహారు అడుగులది అందులో సగం, ముప్పైరెండు అడుగులది కేవలం 16 సార్లు. ఆ చివరిది చెవికంటే ముందు కాళ్లకింద నేలకు తెలుస్తుంది. గొట్టం పై కొసను మూసేస్తే సగం పొడవులోనే అంతే మంద్రస్వరం వస్తుంది, కాకపోతే పలుకు కాస్త బోలుగా, మెత్తగా మారుతుంది.

ఇంకో జాతి గొట్టాల్లో పెదవి ఉండదు. అడుగున ఒక చిన్న ఇత్తడి నాలుక గాలికి అదురుతుంది, పైనున్న గొట్టం ఆ అదురుకు గంభీరమైన గొంతునిస్తుంది. వీటిని రీడ్ గొట్టాలంటారు. ఆ నాలుక ఒంపు గోటిమందంలో పదో వంతు అటూఇటూ అయినా గొట్టం పలకడానికి ఆలస్యం చేస్తుంది, లేదా బొంగురుపోతుంది.

ఇక వేలాది గొట్టాల్లో ఏది పలకాలో తేల్చేది గాలిపెట్టె. బయటికి కనబడదు కాబట్టి దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నా దృష్టిలో మనిషి చేతులు చెక్కతో చేసిన అత్యంత తెలివైన వస్తువుల్లో ఇదొకటి. ఒక బల్లలో పక్కపక్కనే కాలువలు తొలిచి ఉంటాయని ఊహించుకోండి. ఒక్కో మీటకు ఒక్కో కాలువ. మీట నొక్కితే కాలువ అడుగునున్న తోలుపూత మూత తెరుచుకుని గాలి నిండుతుంది. ఆ కాలువమీద వరుసగా రంధ్రాలు, ఒక్కో రంధ్రం మీద ఒక్కో రకం గొట్టం. కాలువలకు అడ్డంగా, రంధ్రాలున్న పొడవాటి పలకలు జారుతుంటాయి. వాయించేవాడు స్టాప్ బయటికి లాగితే ఒక పలక జరిగి, దాని రంధ్రాలు కింది రంధ్రాలతో కలుస్తాయి. మీటా తెరవాలి, పలకా జరగాలి, రెండూ కలిసినచోటే గొట్టం పలుకుతుంది. 50 మీటలు, 20 స్టాపులు ఉంటే వెయ్యి గొట్టాలు ఈ నిలువు అడ్డం లెక్కలో ఇమిడిపోతాయి. కంప్యూటర్లు రావడానికి వందల ఏళ్ల ముందే పనివాళ్లు కర్రముక్కలతో ఈ ఏర్పాటు చేశారు.

మీట నుంచి మూత వరకు సన్నని చెక్కబద్దల వరుస ఉంటుంది. వేలు కదిలితే బద్ద లాగుతుంది, మూత తెరుచుకుంటుంది. మధ్యలో వేరే శక్తి ఉండదు, వాయించేవాడి వేలికి గాలి ఎదురొత్తిడి తగులుతుంది. ఆర్గన్లు పెరిగేకొద్దీ ఈ బరువు వేళ్లకు భారమైంది. పారిస్ దగ్గరి సెయింట్ డెనిస్‌లో 1841లో ఆరిస్టైడ్ కవాయే కోల్ కట్టిన ఆర్గన్‌లో, బార్కర్ అనే ఇంగ్లిష్ పనివాడు రూపొందించిన గాలిమీటను వాడారు. వేలు ఒక చిన్న తిత్తిని తెరిస్తే చాలు, ఆ తిత్తి ఉబ్బి అసలు బరువు లాగుతుంది. అక్కడినుంచి పెద్ద పెద్ద ఆర్గన్లకు దారి పడింది. ఆ తర్వాత విద్యుత్తు వచ్చింది.

గాలి సంగతి ఇంకా చెప్పలేదు. కొలిమితిత్తుల్లాంటి పెద్ద తోలుతిత్తులను మనుషులు కాళ్లతో తొక్కి నింపేవాళ్లు, ఇప్పుడు ఫ్యాన్లు నింపుతున్నాయి. గాలి ఒత్తిడిని నీటి మట్టంతో కొలుస్తారు: వంపు తిరిగిన గాజుగొట్టంలో నీళ్లు ఎంత పైకి లేస్తే అంత. చాలా పాత ఆర్గన్లలో అది 70 నుంచి 90 మిల్లీమీటర్లే. నోటితో తేలిగ్గా ఊదితే వచ్చే ఒత్తిడి అది. చర్చిని నింపే ఆ హోరంతా ఇంత నెమ్మదైన గాలిలోంచి పుడుతోందంటే నమ్మబుద్ధి కాదు. జర్మన్ స్వరకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్ కొత్త ఆర్గన్‌ను పరీక్షించడానికి వెళ్తే ముందుగా స్టాపులన్నీ లాగి నిండుగా వాయించేవాడని, దానికి మంచి ఊపిరితిత్తులు ఉన్నాయో లేదో చూడాలనేవాడని ఆయన కొడుకు చెప్పాడు. ఇప్పటికీ పనివాళ్లు అక్కడే మొదలుపెడతారు.

గొట్టాల లోహం తగరం, సీసం కలిపిన మిశ్రమం. తగరం ఎక్కువైతే తెల్లగా, గట్టిగా ఉంటుంది. సీసం ఎక్కువైతే మెత్తగా, నల్లగా ఉంటుంది. కరిగిన లోహాన్ని ఒక పొడవాటి బల్ల కొసన అడుగులేని పెట్టెలో పోస్తారు. అది కాస్త చిక్కబడి గింజకట్టే క్షణం కోసం చూసి, ఆ పెట్టెను బల్ల పొడవునా ఒక్క ఊపున లాక్కుపోతారు. వెనక సందులోంచి లోహం రేకుగా పరుచుకుంటుంది. తొందరపడితే రేకు పలచబడి చిరుగుతుంది, ఆలస్యమైతే మధ్యలో గడ్డకడుతుంది. ఆ రేకును చిత్రికపట్టి, కొలతకు కోసి, దుంగ చుట్టూ మడిచి, టంకం వేస్తే గొట్టం. వెడల్పుకు వేరే లెక్క ఉంది. ఒక స్థాయి, అంటే పన్నెండు స్వరాల మెట్లు, పైకి వెళ్లినప్పుడల్లా పొడవు సగమవుతుంది కదా, వెడల్పునూ అలాగే సగం చేస్తే పై స్వరాల గొట్టాలు గడ్డిపరకలై గొంతు పీలగా వస్తుంది. అందుకే వెడల్పు సగానికి దిగడానికి దాదాపు 16 మెట్లు పట్టేలా కొలత వేస్తారు. వెడల్పు గొట్టం వేణువులా గుండ్రంగా పలుకుతుంది, సన్నది తీగవాద్యంలా కోసుగా పలుకుతుంది.

ఇక్కడొక వింత. శుద్ధమైన సీసంతో చేసిన గొట్టాలు కొన్ని దశాబ్దాలకు తమ బరువుకే కుంగిపోతాయి. నాలుగువందల ఏళ్లనాటి సీసపు గొట్టాలు మాత్రం నిటారుగా నిలబడి ఉన్నాయి. కారణం, పాతకాలపు సీసం శుద్ధమైనది కాదు. అందులో రాగి, యాంటిమొని, బిస్మత్ లాంటివి కొద్దికొద్దిగా మిగిలిపోయేవి. ఆ 'మురికే' బలమిచ్చింది. లోహాన్ని శుద్ధిచేసే విద్య పెరిగాక గొట్టాలు బలహీనమయ్యాయి. స్వీడన్‌లోని గొథెన్‌బర్గ్‌లో, ఊర్గ్రుటే కొత్త చర్చిలో 2000లో పూర్తయిన ఆర్గన్ కోసం పరిశోధకులూ పనివాళ్లూ కలిసి ష్నిట్గర్ కాలపు పద్ధతులను తవ్వితీశారు, లోహాన్ని ఇసుక పరుపు మీద పోసే మరిచిపోయిన విద్య సహా. పాత గొట్టాన్ని బాగుచేయాలంటే దాన్ని కొత్తగా చేయడం ఎలాగో ముందు తెలిసి ఉండాలని అక్కడ తేటతెల్లమైంది.

గొట్టం తయారయ్యాక అది ఇంకా మూగదే. దాని పలుకు దిద్దాలి. ఇది శ్రుతి చేయడం కాదు. శ్రుతి అంటే స్థాయి సరిచేయడం, పలుకు దిద్దడం అంటే ఆ గొట్టానికి స్వభావం ఇవ్వడం. పాదంలో రంధ్రం పెంచితే బలంగా పలుకుతుంది. సందు వెడల్పు చేస్తే గాలి మందమవుతుంది. అడ్డపలకను ఒక వెంట్రుకంత ఎత్తితేనో దించితేనో పలుకు మొదలయ్యే వేగం మారుతుంది. పై పెదవిని ఎత్తుగా కోస్తే గొంతు మెత్తబడుతుంది. అడ్డపలక అంచున చిన్న చిన్న గాట్లు పెడితే, స్వరానికి ముందు వచ్చే 'చ్' అన్న ఉచ్చారణ తగ్గి నునుపుగా మొదలవుతుంది. పాదం రంధ్రాన్ని మళ్లీ మూయవచ్చు, సందును మళ్లీ సన్నం చేయవచ్చు. కోసిన పెదవి మాత్రం తిరిగి పెరగదు. పెట్టిన గాటును పూడ్చినా మచ్చ పోదు.

చెక్క కట్టడం కాలిపోతే గీసుకుని మళ్లీ కట్టవచ్చు. తిత్తి చిరిగితే కొత్త తోలు వేయవచ్చు. కానీ 1693లో ఒక మనిషి తన చెవిని నమ్ముకుని ఎంత ఎత్తున కోశాడో ఆ పెదవి ఒక్కటే చెబుతుంది. ఒక ఆర్గన్ ఎవరిదని అడిగితే నేను గొట్టాల నోళ్లు చూపిస్తాను. హాంబుర్గ్‌ది ష్నిట్గర్ ఆర్గన్ అని నేను ఒప్పుకోవడానికి కారణం కూడా ఆ దాచిన గొట్టాలే.

కాలం ఈ వాద్యాన్ని చాలా వైపులనుంచి కొరుకుతుంది. తోలు ఎండి పగులుతుంది. పురుగు చెక్కను తొలుస్తుంది. ధూళి నోళ్లలో పేరుకుని పలుకు మసకబారుతుంది. చలికాలంలో చర్చిలను వెచ్చబెట్టడం మొదలయ్యాక గాలి పొడిబారి, శతాబ్దాలు నిలిచిన గాలిపెట్టెలు చీలడం మొదలైంది. చీలితే ఒక కాలువ గాలి పక్క కాలువలోకి దొంగతనంగా జారి, నొక్కని స్వరం సన్నగా మూలుగుతుంది. ఇంకా దొంగదెబ్బ ఓక్ చెక్కది. దానినుంచి ఎసిటిక్ ఆమ్లం, అదే వినెగర్‌లో ఉండే ఆమ్లం, ఆవిరిగా వెలువడుతుంటుంది. మూసిన గాలిపెట్టెలో ఆ ఆవిరి సీసాన్ని తిని తెల్లని పొడిగా మారుస్తుంది. ల్యూబెక్ నగరంలో సెయింట్ జాకోబి చర్చిలోని 17వ శతాబ్దపు స్టెల్వాగెన్ ఆర్గన్ గొట్టాల పాదాలు ఇలా తినుకుపోతుంటే శాస్త్రవేత్తలు అక్కడ ప్రత్యేకంగా పరిశోధించారు. బాగుచేయడానికి వాడే కొత్త చెక్క, కొత్త జిగురు కూడా ఇలాంటి హాని చేయగలవు. అందుకే ఇప్పుడు జాగ్రత్తగలవాళ్లు జంతుచర్మపు పాత జిగురునే వాడతారు. వేడి, తడి తగిలిస్తే అది వదులుతుంది, తర్వాతి తరం వాళ్లు విప్పి చూసుకోగలరు.

శ్రుతి చేయడం కూడా గాయపరుస్తుందంటే ఆశ్చర్యమే. చిన్న గొట్టాల కొసను ఇత్తడి శంకువుతో తట్టి విచ్చదీయడమో, ముడవడమో శ్రుతి చేసే పాత పద్ధతి. మెత్తని లోహం మీద వందేళ్లపాటు ఏటా ఈ దెబ్బలు పడితే కొస చిరుగుతుంది, నోరు కుంగుతుంది. గదిలో వేడి పది డిగ్రీలు పెరిగితే పెదవి గొట్టాల శ్రుతి అర్ధస్వరంలో దాదాపు మూడో వంతు పైకి పోతుంది, రీడ్ గొట్టాలు మాత్రం పెద్దగా కదలవు. అందువల్ల తెలిసినవాళ్లు వేలాది పెదవి గొట్టాలను ముట్టుకోకుండా, కొద్దిపాటి రీడ్లనే వాటికి అనుగుణంగా సరిచేస్తారు. తెలియనివాళ్లు అన్నిటినీ తడుముతారు.

ఇవన్నీ కాలం చేసిన దెబ్బలు. మనుషులు మనసారా, మంచి ఉద్దేశంతో చేసిన మార్పుల మాట వేరు. ష్నిట్గర్ హాంబుర్గ్ ఆర్గన్‌లో మధ్యస్థాయి 'ఎ' స్వరం సెకనుకు దాదాపు 495 కంపనాలు. నేటి ప్రమాణం 440. శ్రుతి ప్రమాణం మారినప్పుడల్లా, స్వరాల మధ్య దూరాలను సమంగా పంచే పద్ధతి వచ్చినప్పుడల్లా ఎన్నో పాత ఆర్గన్ల గొట్టాలను కోశారు, అతికారు, పక్క స్వరానికి జరిపారు. ప్రతి గొట్టం మీదా పాత పనివాడు సూదితో గీసిన స్వరం పేరు ఉంటుంది. ఇప్పుడది వేరే మీట దగ్గర నిలబడి ఉంటే, జరిపినట్టు సాక్ష్యం దొరికినట్టే. ఒక పాదంలో రెండు కాలాల రంధ్రపు అంచులు, ఒక అడ్డపలక మీద రెండు చేతుల గాట్లు, ఇలా ఒక్కో గొట్టాన్నీ భూతద్దంతో చదువుతూ నెలలు గడుపుతారు.

చదివాక ఏం చేయాలి? అన్ని మార్పులనూ చెరిపేసి మొదటికి పోవాలన్న వాదం వినడానికి ఎంతో నిజాయితీగా ఉంటుంది. పారిస్‌లోని సెయింట్ సుల్పీస్ చర్చిని చూడండి. అక్కడ 1781లో ఫ్రాన్స్వా ఆన్రీ క్లికో గొప్ప ఆర్గన్ కట్టాడు. 1862లో కవాయే కోల్ దాని గొట్టాలు చాలావాటిని ఉంచుకుని, పూర్తిగా కొత్త వాద్యంగా, 100 స్టాపులతో మార్చేశాడు. క్లికో వైపునుంచి చూస్తే అది విధ్వంసం. ఈనాడు అదే ప్రపంచంలోని గొప్ప ఆర్గన్లలో ఒకటి, దాన్ని 1781కి తీసుకెళ్తామంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు. 20వ శతాబ్దంలో జర్మనీలో దీనికి తలకిందుల కథ నడిచింది. ష్నిట్గర్, బాఖ్‌ల కాలమైన బరోక్ కాలపు ధ్వనిని తిరిగి తేవాలన్న ఉద్యమం బలపడి, 19వ శతాబ్దపు ఆర్గన్లు ఎన్నింటినో 'చెడిపోయిన అభిరుచి' పేరుతో మార్చేశారు, పారేశారు. పాత బరోక్ గొట్టాల పలుకును కూడా, బరోక్ అంటే ఇలా ఉండాలన్న తమ ఊహకు సరిపోయేలా తిరిగి దిద్దారు. నాకు ఆ రెండో తప్పే ఎక్కువ బాధ కలిగిస్తుంది. వాళ్లకు ఆ కాలమంటే ప్రేమ ఉంది, ఆ కాలం మిగిల్చిన సాక్ష్యాన్ని వినే ఓపికే లేకపోయింది.

నా పక్షం చెబుతాను. తర్వాతి మార్పు తనంతట తానుగా ఒక నిండైన కళాకృతి అయితే దాన్ని ఉంచాలి. అది ముక్కలుముక్కలుగా చేసిన సర్దుబాటే అయ్యి, పాతదానికి గొట్టాల్లోనే తగినంత సాక్ష్యం ఉంటే వెనక్కి వెళ్లవచ్చు. హాంబుర్గ్‌లో వెళ్లారు, సరైన పనే చేశారు. సాక్ష్యం చాలకపోతే ఉన్నదాన్ని శుభ్రంచేసి నడిచేలా చూసి, వివరంగా రాసిపెట్టి వదిలేయాలి. వదిలేయడం నేర్చుకోవడానికి ఈ వృత్తికి చాలాకాలం పట్టింది.

అసలేమీ మిగలకపోతే? జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో, ఫ్రావెన్‌కిర్ష చర్చిలో గాట్‌ఫ్రీడ్ సిల్బర్మన్ 1736లో పూర్తిచేసిన ఆర్గన్ 1945 ఫిబ్రవరి బాంబుదాడిలో చర్చితోపాటే నాశనమైంది. చర్చిని రాయి రాయి పేర్చి తిరిగి కడుతున్నప్పుడు, ఆర్గన్‌ను కూడా సిల్బర్మన్‌దానికి అచ్చు నకలుగా కట్టాలా, నేటి అవసరాలకు కొత్తది కట్టాలా అని పెద్ద వివాదం రేగింది. చివరికి 2005లో స్ట్రాస్‌బోర్గ్‌కు చెందిన డానియెల్ కెర్న్ కట్టింది సిల్బర్మన్ స్ఫూర్తితో, కొంత ఫ్రెంచ్ 19వ శతాబ్దపు ధ్వనిని కలుపుకున్న కొత్త వాద్యం. ఇది బాగుచేత కాదని అందరికీ తెలిసే కట్టారు. అందుకే నాకు అందులో దోషం కనబడదు.

ఫిలిప్పీన్స్‌లోని లాస్ పిన్యాస్‌లో ఇంకోరకం పరీక్ష ఎదురైంది, అక్కడ గొట్టాల్లో ఎక్కువభాగం లోహానివి కావు. అక్కడ దియెగో సెరా అనే స్పెయిన్ మతాధికారి 1816 నుంచి 1824 వరకు శ్రమించి ఒక ఆర్గన్ కట్టాడు. 1031 గొట్టాల్లో 902 వెదురువి. పురుగు పట్టకుండా వెదుళ్లను ముందు సముద్రతీరపు ఇసుకలో పాతి ఉంచారు. భూకంపాలకు, తుఫానులకు దెబ్బతిని మూగబోయిన ఆ వాద్యాన్ని 1973లో జర్మనీలోని బాన్‌కు, క్లైస్ కార్ఖానాకు పంపారు. 1975లో అది తిరిగి వచ్చి మళ్లీ పలికింది.

చివరగా పారిస్ నోటర్ డామ్. 2019 ఏప్రిల్ 15న పైకప్పు కాలిపోయినప్పుడు ఆర్గన్‌కు మంటలు అంటలేదు. కానీ కరిగిన పైకప్పు సీసం ధూళిగా దాదాపు 8000 గొట్టాల మీదా వాలింది. 1868 నాటి కవాయే కోల్ వాద్యంలో 18వ శతాబ్దపు గొట్టాలున్నాయి, ఆయన తర్వాతివాళ్లు చేసిన మార్పులూ ఉన్నాయి. దాన్ని ఏ సంవత్సరానికీ తీసుకెళ్లలేదు. విప్పి, ధూళి తీసి, గాలిపెట్టెల తోళ్లు మార్చి, నిప్పుకు ముందు రోజు ఎలా ఉండేదో అలాగే తిరిగి నిలబెట్టారు. గొట్టాలన్నీ బిగించాక పలుకు సరిచూడటానికి నెలల తరబడి రాత్రుళ్లు పనిచేశారు, పగలు కట్టడం పనుల చప్పుడులో వినబడదు కాబట్టి. ఇలాంటి పనిలో ఒకరు మీటల దగ్గర కూర్చుని ఒక స్వరాన్ని నొక్కి పట్టుకుంటారు, ఇంకొకరు లోపల గొట్టాల నడుమ చెవి ఒగ్గి నిలబడతారు. అది సరిపడగానే పక్క మీట. 2024 డిసెంబర్ 7న చర్చి తలుపులు తెరిచాక ఆర్చ్‌బిషప్ ఆర్గన్‌ను మేలుకొమ్మని ఎనిమిదిసార్లు పిలిచాడు. పిలిచిన ప్రతిసారీ అది బదులు పలికింది.